డిజిటల్ ప్రసారంలో ఒకేసారి ఎన్ని ఛానళ్లను రికార్డు చేయవచ్చు?

అనలాగ్ ప్రసారాలు నడిచినంత కాలం, ఒక ఛానల్ చూస్తూ మరో ఛానల్‌ను టేపుకెక్కించడం వీసీఆర్ ఉన్న ఇళ్లలో మామూలుగా జరిగే పని. దానికి ప్రత్యేకమైన ఏర్పాటేదీ అక్కర్లేదు. యాంటెన్నా నుంచి వచ్చిన తీగ ముందు వీసీఆర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి టీవీలోకి చేరేది. ఆ ప్రాంతానికి అందే ఛానళ్లన్నీ ఆ ఒక్క తీగలోనే కలిసి వచ్చేవి. వీసీఆర్‌లో ఒక ట్యూనర్, టీవీలో మరో ట్యూనర్ ఉండేవి కాబట్టి దేనికి కావలసిన ఛానల్‌ను అది ఏరుకునేది. మూడో ఛానల్ కూడా కావాలంటే మరో వీసీఆర్ కొనాలి. అంటే ట్యూనర్ల సంఖ్య, ఛానళ్ల సంఖ్య ఒకటే. ఈ లెక్క జనానికి ఎంతగా అలవాటైపోయిందంటే, డిజిటల్ ప్రసారాలు వచ్చాక కూడా చాలామంది రికార్డర్ కొనేటప్పుడు అదే లెక్క వేస్తున్నారు. డిజిటల్‌లో ఆ లెక్క చెల్లదు.

మార్పు మొదట కనిపించింది మాత్రం నష్టం రూపంలోనే. అమెరికాలో పూర్తిస్థాయి శక్తితో నడిచే టీవీ కేంద్రాలన్నీ 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారాలను ఆపేశాయి. ఆ రోజు నుంచి వీసీఆర్‌లోని ట్యూనర్‌కు గాలిలో అందుకోవడానికి దాదాపు ఏమీ మిగల్లేదు. డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న పెట్టెను తగిలిస్తే వీసీఆర్ పనిచేసేది, కానీ ఆ పెట్టె ఒక సమయంలో ఒక్క ఛానల్‌నే విప్పి, దాన్ని మూడో నంబరు లేదా నాలుగో నంబరు ఛానల్ మీద బయటికి పంపేది. టీవీ, వీసీఆర్ రెండూ ఆ ఒక్క పెట్టె మీదే ఆధారపడితే, చూసేదీ రికార్డయ్యేదీ ఒకే ఛానల్ అవుతుంది. విడివిడిగా కావాలంటే రెండు పెట్టెలు, మధ్యలో తీగను చీల్చే స్ప్లిటర్, పెట్టె నుంచి వచ్చే బొమ్మను ఎంచుకునే స్విచ్ కావాలి. ఈ పెట్టెలు కొనడానికి ప్రభుత్వం ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది గానీ, ఇంట్లో రెండు టీవీలుంటే వీసీఆర్ వాటాకు ఏ కూపనూ మిగిలేది కాదు.

అంతకన్నా చికాకు టైమర్‌తో వచ్చింది. పూర్వం వీసీఆర్‌కు సమయం, ఛానల్ రెండూ చెప్పి బయటికి వెళ్లిపోతే సరిపోయేది. ఇప్పుడు వీసీఆర్ సమయానికి లేచినా, ఛానల్ మార్చే అధికారం పెట్టె చేతిలో ఉంది. పెట్టెను ఏ ఛానల్ మీద వదిలి వెళితే అదే రాత్రంతా టేపుకెక్కుతుంది. కొన్ని పెట్టెల్లో సొంత టైమర్ ఉండేది. అప్పుడు ఒకే కార్యక్రమానికి రెండు చోట్ల సమయం పెట్టాలి, రెండు గడియారాలూ సరిపోలాలి. కేబుల్, ఉపగ్రహ పెట్టెల విషయంలో రిమోట్‌ను అనుకరిస్తూ పరారుణ కిరణాలను పంపే చిన్న బల్బును పెట్టె ముందు అంటించేవారు. ఆ బల్బు కాస్త పక్కకు జరిగితే 47కు బదులు 4 వస్తుంది. డిజిటల్ వల్ల రికార్డింగ్ కష్టమైపోయిందన్న అభిప్రాయం ఈ అనుభవాల నుంచే పుట్టింది. నిజానికి ఆ కష్టం పాత యంత్రానికి కొత్త సంకేతాన్ని అతికించడం వల్ల వచ్చింది. కొత్త సంకేతాన్ని దాని రూపంలోనే దాచుకుంటే పరిస్థితి తలకిందులవుతుంది.

అనలాగ్‌లో ఒక్కో ఛానల్‌కు 6, 7 లేదా 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న పట్టీ మొత్తం ఖర్చయ్యేది. డిజిటల్‌లో అదే వెడల్పున్న పట్టీ మీద బిట్ల ప్రవాహం ఒకటి వెళుతుంది, ఆ ప్రవాహంలో అనేక ఛానళ్లు కలగలిసి ఉంటాయి. దీన్ని మల్టీప్లెక్స్ అంటారు. ఆ పేరు వినగానే సినిమా హాళ్లు గుర్తుకు వచ్చినా పోలిక తప్పేమీ కాదు, ఒకే ప్రాంగణంలో అనేక తెరలున్నట్టే ఇదీ. ప్రవాహమంతా 188 బైట్ల ప్యాకెట్లుగా తెగి ఉంటుంది. ప్రతి ప్యాకెట్ తల మీద 13 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది, అంటే 0 నుంచి 8191 వరకు సంఖ్యలు. సున్నా సంఖ్య గల ప్యాకెట్లలో ఈ ప్రవాహంలో ఏయే ఛానళ్లున్నాయో తెలిపే పట్టిక ఉంటుంది. అది ఒక్కో ఛానల్‌కు మరో పట్టికను చూపుతుంది, ఆ రెండో పట్టిక ఫలానా ఛానల్ దృశ్యం ఏ సంఖ్యలో, ధ్వని ఏ సంఖ్యలో ఉన్నాయో చెబుతుంది. 8191 సంఖ్య గలవి ఖాళీ ప్యాకెట్లు. ప్రవాహ వేగం తగ్గకుండా చూడటానికి మాత్రమే వాటిని నింపుతారు, రికార్డు చేసేటప్పుడు పారేయవచ్చు.

ఇక్కడ ట్యూనర్ చేసే పని ఏమిటో గమనించాలి. అది ఒక పౌనఃపున్యం మీద నిలబడి, ఆ పట్టీలోని బిట్లన్నిటినీ విప్పి లోపలికి పంపుతుంది. ఒక్క ఛానల్‌నే ఏరి తీసుకునే శక్తి దానికి లేదు, అవసరమూ లేదు. ఏరే పని ఆ తర్వాత వచ్చే డీమల్టీప్లెక్సర్‌ది, అంటే గుర్తింపు సంఖ్యలు చూసి ప్యాకెట్లను వేరుచేసే భాగానిది. ఆ పని ఎంత తేలికంటే, ఒక మామూలు కంప్యూటర్ ఒకే ప్రవాహంలోని అరడజను ఛానళ్లను ఆరు ఫైళ్లుగా వేరుచేసి రాస్తూ కూడా పెద్దగా అలసిపోదు. కాబట్టి ఒక ట్యూనర్ ఉన్న రికార్డర్ ఒకే సమయంలో ఎన్ని ఛానళ్లను రికార్డు చేయగలదన్న ప్రశ్నకు జవాబు, ఆ ఛానళ్లు ఎన్ని మల్టీప్లెక్స్‌లలో పరుచుకుని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగు ఛానళ్లూ ఒకే మల్టీప్లెక్స్‌లో ఉంటే ఒక ట్యూనర్ చాలు. రెండే ఛానళ్లయినా వేర్వేరు మల్టీప్లెక్స్‌లలో ఉంటే రెండు ట్యూనర్లు తప్పవు.

ఈ సంగతి చాలా రికార్డర్ల పెట్టెల మీద కనిపించదు. రెండు ట్యూనర్లు, రెండు రికార్డింగులు అని రాసి అమ్మడం సులువు. ఏ జత ఛానళ్లను ఎంచుకున్నా ఆ మాట నిలుస్తుంది కాబట్టి తయారీదారు ఆ సంఖ్య దగ్గరే ఆగిపోతాడు. ట్యూనర్ అందించే ప్రవాహంలో మరో నాలుగు ఛానళ్లు సిద్ధంగా ఉన్నా మూడో రికార్డింగును సాఫ్ట్‌వేర్ నిరాకరిస్తుంది. ఈ హద్దును మొదట దాటినవి కంప్యూటర్ల మీద నడిచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లే. ఉదాహరణకు మిత్ టీవీ 2008లో విడుదలైన 0.21 సంచికలో ఒకే మల్టీప్లెక్స్‌లోని అనేక ఛానళ్లను ఒకే ట్యూనర్‌తో రికార్డు చేసే సౌకర్యాన్ని తెచ్చింది. అయితే ఈ దారిలోనూ పరికరం కొన్నిసార్లు అడ్డుపడేది. తొలినాళ్లలో యూఎస్‌బీ 1.1 ద్వారా తగిలించే ట్యూనర్లు కొన్ని వచ్చాయి. ఆ తీగ గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, మల్టీప్లెక్స్ వేగం దానికి ఇంచుమించు రెట్టింపు. అందుకని ట్యూనర్ తనలోనే వడపోసి, అడిగిన ఛానల్ ప్యాకెట్లను మాత్రమే పంపేది. మిగిలినవి కంప్యూటర్ దాకా చేరేవే కావు.

మల్టీప్లెక్స్‌లను ఎలా పంచారన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు, రికార్డు చేసేవారి అదృష్టం కూడా ఆ తీరును బట్టే మారుతుంది. బ్రిటన్‌లో 2007 అక్టోబరులో వైట్‌హేవెన్‌లో మొదలై 2012 అక్టోబరులో ఉత్తర ఐర్లండ్‌లో ముగిసిన అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్పు తర్వాత, దేశవ్యాప్త ఛానళ్లలో అత్యధికం ఆరు మల్టీప్లెక్స్‌లలో సర్దుకున్నాయి. బీబీసీ సాధారణ ఛానళ్లు ఒకదానిలో, ఐటీవీ, ఛానల్ 4 వంటివి మరొకదానిలో ఉంటాయి. బీబీసీ వన్, ఐటీవీ, ఛానల్ 4 హెచ్‌డీ రూపాలు మూడూ డీవీబీ-టీ2 అనే రెండో తరం భూతల ప్రసార పద్ధతిలో సెకనుకు దాదాపు 40 మెగాబిట్లు మోసే ఒకే మల్టీప్లెక్స్‌లో చేరాయి. అంటే పరస్పరం పోటీపడే మూడు సంస్థల ప్రధాన ఛానళ్లను హెచ్‌డీలో ఒక్క ట్యూనర్‌తో ఒకేసారి దాచుకోవచ్చు. ఆరు ట్యూనర్లున్నవారు ఆ ఆరు మల్టీప్లెక్స్‌లనూ మొత్తంగా పట్టుకోవచ్చు.

జపాన్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి ప్రసార సంస్థకూ సొంతంగా ఒక 6 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంటుంది. దాన్ని 13 భాగాలుగా చేసి, 12 భాగాల్లో ఇంటి టీవీలకు, ఒక భాగంలో చేతి ఫోన్లకు ప్రసారం చేసే పద్ధతిని అనుసరించారు. ఎనిమిది సంస్థల ఛానళ్లు కావాలంటే ఎనిమిది ట్యూనర్లు ఉండాల్సిందే. అమెరికాలోనూ సాధారణంగా కేంద్రానికొక పట్టీ. సెకనుకు 19.39 మెగాబిట్ల ప్రవాహంలో ఒక ప్రధాన ఛానల్, దాని పక్కన కొన్ని ఉప ఛానళ్లు ఉంటాయి. ఒకే కేంద్రపు ఉప ఛానళ్లను కలిపి రికార్డు చేసుకోవచ్చు గానీ, ఒకే గంటలో పోటీగా వచ్చే రెండు పెద్ద కార్యక్రమాలు ఎక్కువగా రెండు వేర్వేరు కేంద్రాలవే అయి ఉంటాయి. సాంకేతికంగా ఒకే సూత్రం, ఫలితం మాత్రం స్పెక్ట్రమ్‌ను ఎవరికి ఎలా కేటాయించారన్న పాలనాపరమైన నిర్ణయాన్ని బట్టి తేలుతోంది.

ఉపగ్రహ ప్రసారాల్లో మరో ముడి ఉంది. డిష్ మీద ఉండే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరం 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ వరకున్న సంకేతాలను కిందికి దించి, కోయాక్సియల్ తీగ మోయగల 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ శ్రేణిలోకి మారుస్తుంది. మొత్తం సంకేతం ఆ శ్రేణిలో పట్టదు కాబట్టి దాన్ని నాలుగు ముక్కలు చేశారు: నిలువు ధ్రువణం, అడ్డ ధ్రువణం (అంటే తరంగం కంపించే దిశ), ఒక్కోదానిలో కింది సగం, పై సగం. ఏ ముక్క కావాలో రిసీవర్ తీగ గుండానే చెబుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు, 18 పంపితే అడ్డం, దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ స్వరం కలిపితే పై సగం. అంటే ఒక తీగ ఒక సమయంలో పావు వంతు సంకేతాన్నే తెస్తుంది. రికార్డర్‌లో రెండు ట్యూనర్లున్నా తీగ ఒక్కటే అయితే, రెండోది మొదటిది ఎంచుకున్న పావులోనే వెతుక్కోవాలి. కావలసిన ఛానల్ మిగతా ముప్పావులో ఉంటే రికార్డింగు జరగదు, కారణమేమిటో తెరమీద సరిగ్గా చెప్పే రిసీవర్లూ తక్కువే. దీనికి పాత పరిష్కారం డిష్ నుంచి ట్యూనర్‌కొక తీగ చొప్పున లాగడం. కొత్త పరిష్కారం యూనికేబుల్. ఈ పద్ధతిలో ప్రతి ట్యూనర్‌కూ తీగలో ఒక సొంత స్థానం కేటాయించి, అది అడిగిన ట్రాన్స్‌పాండర్‌ను, అంటే ఉపగ్రహం నుంచి ఒక పౌనఃపున్యం మీద వచ్చే ప్రవాహాన్ని మాత్రమే ఎల్‌ఎన్‌బీ లేదా స్విచ్ ఆ స్థానంలోకి మార్చి పంపుతుంది. మొదటి ప్రమాణంలో ఎనిమిది ట్యూనర్ల వరకు, తర్వాతి ప్రమాణంలో 32 వరకు ఒకే తీగను పంచుకోవచ్చు.

కేబుల్‌లో ఆ బాధ లేదు, మల్టీప్లెక్స్‌లన్నీ ఒకే తీగలో పక్కపక్కనే వస్తాయి. తీగలోని పట్టీ మొత్తాన్ని ఒకేసారి అంకెల్లోకి మార్చి, ఆ తర్వాత లెక్కల ద్వారానే కావలసినన్ని మల్టీప్లెక్స్‌లను విడదీసే చిప్‌లు వచ్చాక విడివిడి ట్యూనర్లన్న మాటకే అర్థం పలచబడింది.

రికార్డింగు అన్న పని స్వభావం కూడా మారింది. అనలాగ్ సంకేతాన్ని కంప్యూటర్‌లో దాచాలంటే ముందు దాన్ని అంకెల్లోకి మార్చాలి. 720 × 576 చుక్కల చిత్రం, సెకనుకు 25 చొప్పున, కుదించకుండా రాస్తే సెకనుకు దాదాపు 20.7 మెగాబైట్లు, గంటకు 75 గిగాబైట్లు అవుతుంది. అందుకే అనలాగ్ కార్డుల మీద ఎంపెగ్-2లోకి కుదించే ఖరీదైన చిప్ ఉండేది, ఒక్కో ఛానల్‌కు ఒక్కో చిప్ కావలసి వచ్చేది. డిజిటల్‌లో కుదించే పని ప్రసార సంస్థే చేసి పంపుతుంది. ఇంటి దగ్గర జరిగేది వచ్చిన ప్యాకెట్లను నకలు చేసుకోవడమే, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. సెకనుకు 3 మెగాబిట్లున్న సాధారణ ఛానల్ గంటకు 1.35 గిగాబైట్లు, 8 మెగాబిట్లున్న హెచ్‌డీ ఛానల్ 3.6 గిగాబైట్లు తీసుకుంటాయి. 24 మెగాబిట్ల మల్టీప్లెక్స్‌ను మొత్తంగా దాచినా గంటకు 10.8 గిగాబైట్లే. సెకనుకు వంద మెగాబైట్లకు పైగా రాయగల హార్డ్ డిస్క్‌కు సెకనుకు 3 మెగాబైట్లు లెక్కలోకి రావు. పది ఫైళ్లను పక్కపక్కనే రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం డిస్క్ ముల్లు అటూ ఇటూ పరుగులు తీస్తుంది, ప్రతి ఛానల్ డేటాను జ్ఞాపకంలో కొంతసేపు పోగుచేసి పెద్ద ముక్కలుగా రాస్తే ఆ ఇబ్బందీ తీరుతుంది.

అసలైన అడ్డంకి తాళం దగ్గర ఉంది. చందా ఛానళ్లు గుప్తీకరించి వస్తాయి. ట్యూనర్ వాటి బిట్లను ఎన్నయినా పట్టుకోగలదు, కానీ వాటిని విప్పే తాళంచెవి స్మార్ట్ కార్డులోనో దాన్ని మోసే మాడ్యూల్‌లోనో ఉంటుంది, అది ఒకేసారి ఎన్ని ఛానళ్లను విప్పగలదన్నది మరో లెక్క. అమెరికా కేబుల్‌లో వచ్చిన మొదటి తరం కేబుల్‌కార్డు ఒక్క ప్రవాహాన్నే విప్పేది, కాబట్టి రెండు ట్యూనర్ల రికార్డర్‌కు రెండు కార్డులు కావలసి వచ్చేది. తర్వాతి బహుళ ప్రవాహ కార్డు ఆరింటిని విప్పగలిగింది. ఆరు ట్యూనర్ల రికార్డర్లు ఆ ఆధారంతోనే మార్కెట్లోకి వచ్చాయి. తాళం తీశాక కూడా షరతులు వెంట వస్తాయి. యూరప్‌లో వాడే సీఐ ప్లస్ మాడ్యూళ్ల విషయంలో ప్రసార సంస్థ కార్యక్రమంతో పాటు వినియోగ నియమాలను పంపగలదు. నకలు చేయరాదని గుర్తు పెట్టిన కార్యక్రమాన్ని కాసేపు ఆపి చూసుకోవడానికి దాచినా, మామూలుగా 90 నిమిషాల తర్వాత అది చెల్లకుండా పోతుంది. జపాన్‌లో ఒక్కసారి మాత్రమే నకలు అన్న కఠిన నియమం స్థానంలో 2008 జూలై 4 నుంచి పదిసార్ల వరకు అనుమతించే నియమం వచ్చింది. ట్యూనర్లు లెక్కపెట్టుకుని కొన్నవారిని చివరికి నిరాశపరిచేవి ఎక్కువగా ఈ తాళాలే.

సమయాల అమరికలోనూ ఒక సూక్ష్మం ఉంది. కార్యక్రమం ముందుగా మొదలైనా ఆలస్యంగా ముగిసినా తెగిపోకుండా ఉండటానికి ముందు రెండు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు అదనంగా రికార్డు చేయమని పెట్టడం రివాజు. దానివల్ల ఒకే ఛానల్‌లో వరసగా వచ్చే రెండు కార్యక్రమాలు కూడా ఏడు నిమిషాల పాటు ఒకదానిమీద ఒకటి పడతాయి. ట్యూనర్‌కు ఒక రికార్డింగు అని లెక్కవేసే యంత్రం దీన్ని ఘర్షణగా భావించి, రెండో ట్యూనర్‌ను వృథాగా వాడుకుంటుంది లేదా రెండో కార్యక్రమాన్ని వదిలేస్తుంది. మల్టీప్లెక్స్‌ను లెక్కలోకి తీసుకునే యంత్రం అవే ప్యాకెట్లను రెండు ఫైళ్లలోనూ రాసి ఊరుకుంటుంది. ప్రసారంతో పాటు వచ్చే ప్రస్తుత కార్యక్రమం, తరువాతి కార్యక్రమం అన్న సమాచారాన్ని గమనిస్తూ అది మారిన క్షణంలో రికార్డింగును మొదలుపెట్టే పద్ధతి ఇంతకన్నా శుభ్రమైనది, కానీ అది ప్రసార సంస్థ ఆ సమాచారాన్ని వేళకు మార్చే క్రమశిక్షణ మీద ఆధారపడుతుంది. ప్రత్యక్ష ప్రసారంగా వచ్చే ఆటలు ఆలస్యమైనప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ట్యూనర్లు పెరిగేకొద్దీ తీగను చీల్చవలసి వస్తుంది. రెండుగా చీల్చిన ప్రతిసారీ సంకేత బలం సుమారు 3.5 డెసిబెల్లు, నాలుగుగా చీలిస్తే 7 డెసిబెల్లు తగ్గుతుంది. అనలాగ్‌లో అయితే తెర మీద చుక్కలు పెరిగేవి, కథ మాత్రం అర్థమయ్యేది. డిజిటల్‌లో ఒక స్థాయి వరకు బొమ్మ చెక్కుచెదరదు, ఆ స్థాయి దాటగానే ముక్కలై ఆగిపోతుంది. మల్టీప్లెక్స్‌లోని ఛానళ్లన్నీ కలిసి పడిపోతాయి కాబట్టి, ఒక ట్యూనర్‌తో ఐదు ఛానళ్లు రికార్డు చేస్తున్నవారికి ఒక్క పొరపాటుతో ఐదూ పాడవుతాయి.

కార్యక్రమాలను ఎంచుకునే బాధే లేకుండా వచ్చినవన్నీ దాచేస్తే ఏమవుతుందన్న ఆలోచనకు జపాన్‌లో రూపం వచ్చింది. తోషిబా 2009 డిసెంబరులో విడుదల చేసిన సెల్ రెగ్జా టీవీ ఎనిమిది భూతల ఛానళ్లను నిరంతరం రికార్డు చేస్తూ, దాదాపు 26 గంటల ప్రసారాన్ని 2 టెరాబైట్ల డిస్క్‌లో ఉంచి, పాతవాటిని చెరిపేస్తూ పోయేది. సంస్థకో పట్టీ ఉన్న దేశంలోనే ఈ పరికరం పుట్టడం విశేషం, ఎందుకంటే బ్రిటన్‌లా ఆరు ట్యూనర్లతో పని జరిగే చోట అది ఇంకా చవకగా తయారయ్యేది.

మరో దారి రికార్డర్‌ను ఇంటి నుంచి తీసివేసి, కేబుల్ సంస్థ కేంద్రంలో పెట్టడం. కేంద్రానికి ఛానళ్లన్నీ ఎలాగూ వస్తాయి, ట్యూనర్ అన్న ప్రశ్నే ఉండదు. 2008లో అమెరికాలోని రెండవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం కేబుల్‌విజన్ సంస్థ ప్రతిపాదించిన అలాంటి ఏర్పాటును సమర్థించింది. చందాదారు ఆదేశంతో తయారైన నకలు ఆ చందాదారుకు మాత్రమే అందుతుందన్నది ఆ తీర్పుకు ఒక ముఖ్యమైన ఆధారం. ఆ తీర్పును సమీక్షించడానికి సుప్రీంకోర్టు 2009 జూన్‌లో, అంటే అనలాగ్ ప్రసారాలు ఆగిన నెలలోనే, నిరాకరించింది. దాని పర్యవసానం విచిత్రంగా ఉంటుంది. లక్షమంది ఒకే కార్యక్రమాన్ని రికార్డు చేయమంటే సాంకేతికంగా ఒక్క నకలు సరిపోయే చోట, న్యాయపరమైన జాగ్రత్త కోసం లక్ష నకళ్లు డిస్కుల మీద పడి ఉంటాయి. ఇలాంటి సేవల్లో కొన్ని ఒకేసారి రికార్డు చేయగల కార్యక్రమాల సంఖ్యకు ఇప్పటికీ హద్దు పెడతాయి. ఆ హద్దును నిర్ణయించేది నెలనెలా కట్టే చందా.